మా పెరట్లో ఆఫీసరు గారి గులాబీలు

గులాబీని పూలకు రాణి అన్నవాళ్ళెవరో గానీ, మే నెలలో విజయవాడలో ఒక్క గులాబీ మొక్కనైనా బతికించి ఉండరు. నేను బతికించాను. ఇష్టపడి కాదు. కాలేజీ సెలవుల్లో పడుకోవాల్సిన వేళ బావిలో నీళ్ళు తోడి, చేతులు బొబ్బలెక్కేలా మోసి, వాసనైనా లేని ఆ మొక్కల పాదుల్లో పోశాను. ఇప్పటికీ ఎవరింటికైనా వెళ్ళినప్పుడు ఆ ఇంటాయన "రండి రండి, ముందు మా గులాబీలు చూద్దురు గాని" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కాఫీ ఇవ్వకముందే పువ్వు చూపించే మనుషుల్ని నేను నమ్మను.

డెబ్బైల మొదట్లో మేము బందరు కాలవకు దగ్గర్లో గవర్నమెంటు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న హెడ్ గుమాస్తా. ఎదురెదురుగా రెండు వరసల పెంకుటిళ్ళు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. ఒక్కో ఇంటికి రెండు గదులు, వంటిల్లు, ముందు వరండా, వెనక కాస్త పెరడు. మా పెరడు పూర్తిగా అమ్మది. చిక్కుడు పందిరి, పందిరి నీడలో కొత్తిమీర మడి, ఓ పక్క గోంగూర, మరో పక్క వంగ, గోడ మీదికి పాకిన సన్నజాజి. నల్లరేగడి నేల కావడంతో అమ్మ పెద్దగా కష్టపడకుండానే ఇంటికి సరిపడా కూరలు పండేవి. నాన్నకు ఆ పెరట్లో ఏముందో కూడా తెలిసేది కాదు. కరివేపాకు రెబ్బ తెమ్మంటే ఏ చెట్టని అడిగే మనిషి.

అలాంటి మనిషి ఒకరోజు సాయంత్రం రిక్షాలో, ఒళ్ళో నాలుగు గులాబీ అంట్లు పెట్టుకుని దిగారు. వేళ్ళ చుట్టూ మట్టిముద్ద, దాని మీద తడి గోనె. పసిపిల్లల్ని దించినట్టు ఒక్కొక్కటే దించారు. చొక్కా నిండా మట్టి.

"ఏంటండీ అయ్యి?" అంది అమ్మ.

"గులాబీలు. కడియం నుంచి తెప్పించారు ఆఫీసరు గారు. స్టాఫ్ అందరికీ తలా నాలుగు ఇచ్చారు. స్వయంగా తన చేత్తో ఇచ్చారు."

హైదరాబాదు నుంచి ఆ ఆఫీసరు గారు వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. పెద్ద బంగళా, బంగళా చుట్టూ ఖాళీ స్థలం. వచ్చిన మొదటి రోజే ఆఫీసు ఆవరణంతా తిరిగి చూసి, "ఇన్నేళ్ళుగా ఇంతమంది పనిచేస్తున్నారు, ఒక్క రోజ్ ప్లాంట్ కూడా లేదేంటయ్యా?" అన్నారట. అంతే. ఆ మాట అన్నప్పటి నుంచి మా క్వార్టర్స్‌లో మగవాళ్ళందరికీ చిన్నప్పటి నుంచీ గులాబీలంటే ప్రాణమని తెలిసొచ్చింది. అంతవరకు ఆ సంగతి వాళ్ళకే తెలియదు, పాపం.

నాలుగు మొక్కలకూ ఎండ బాగా తగిలే చోటు కావాలన్నారు. మా పెరట్లో అలాంటి చోటు చిక్కుడు పందిరిదే. పందిరి నిండా పూత మీద ఉంది. అమ్మ వద్దంది. నాన్న వినలేదు. ఆదివారం పొద్దున ఆఫీసు బంట్రోతును తీసుకొచ్చి రాటలు పీకించారు. తీగలు కిందపడి, పూత మట్టిలో కలిసింది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

"గులాబీలు కూర వండుకుంటామా?" అంది.

"నీకు తెలీదులే. ఆయన ఎప్పుడైనా చూడ్డానికి వస్తారు. పెరట్లో చిక్కుడు పాదు కనిపిస్తే ఏం బాగుంటుంది?"

"చిక్కుడు పాదు కనిపిస్తే ఆయన కళ్ళు పోతాయా?"

నాన్న కళ్ళజోడు తీశారు. ఆయనకు జవాబు లేనప్పుడు దాన్ని తుడుచుకుంటారు. ఆ ఏడాది ఆ కళ్ళజోడు అద్దాలు ఎంత శుభ్రంగా ఉండేవో!

ఇక మొదలైంది. అమ్మకు కూరలన్నీ ఇచ్చిన నల్లరేగడి గులాబీకి పనికిరాదని ఆఫీసరు గారు తేల్చారు. నీళ్ళు నిలుస్తాయట, వేళ్ళు కుళ్ళుతాయట. కొండపల్లి వైపు నుంచి ఆఫీసు లారీలో ఎర్రమట్టి వచ్చింది. క్వార్టర్స్‌లో ఇంటింటికీ గుమ్మం ముందు కుప్ప పోసి వెళ్ళింది. దాంట్లో పశువుల ఎరువు, వేపపిండి కలపాలి. వేరుశనగ చెక్క కుండలో నానబెట్టి, వారం పాటు పులిసిన ఆ నీళ్ళు పలచన చేసి పొయ్యాలి. ఆ కుండ మూత తీసిన రోజు మా వరసలో ఎవరూ అన్నం సరిగ్గా తినేవాళ్ళు కాదు. అన్ని ఇళ్ళలోనూ అదే రోజు తీసేవాళ్ళు గనక ఎవరినీ తిట్టడానికి కూడా వీల్లేదు. తర్వాత ఎముకల పొడి అన్నారు. అమ్మ అది గడప దాటి రావడానికి వీల్లేదంది. నాన్న దాన్ని పొట్లం కట్టి, సున్నం అని చెప్పి తెచ్చి చల్లారు. అమ్మకు తెలిసింది. తెలిసిన రోజు నుంచి ఆ మొక్కలున్న వైపు పాదం మోపలేదు. అందుకే నీళ్ళ పని నా నెత్తిన పడింది.

ఎదురింటాయన ఇంకో మెట్టు పైకెక్కాడు. ఆటోనగర్ వెళ్ళి నూనె డ్రమ్ములు సగానికి కోయించి, పచ్చరంగు వేయించి వాటిలో నాటాడు. అది చూసి నాన్న కూడా రెండు కోయించుకొచ్చారు. సాయంత్రాలు మగవాళ్ళంతా మా వరండాలో చేరి ఆకుల మీద నల్లమచ్చల గురించి, పేనుబంక గురించి, కొమ్మ పైనుంచి ఎండుకుంటూ రావడం గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. తమ పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారో భార్యను అడిగి చెప్పే పెద్దమనుషులు, ఏ కొమ్మకు ఎన్ని మొగ్గలున్నాయో వేళ్ళ మీద చెప్పేవాళ్ళు. పువ్వు బాగుందని ఒక్కరూ అనగా నేను వినలేదు. "దీన్ని చూస్తే ఆయన ఏమంటారో" అనే అనేవాళ్ళు.

ఆయన ఆదివారాలు వచ్చేవారు. తెల్ల ప్యాంటు, కాన్వాసు బూట్లు, చేతిలో మెరిసే కత్తెర. వెనక బంట్రోతు, బంట్రోతు చేతిలో నీళ్ళ బకెట్టు. ఒక్కో పెరట్లోకీ వచ్చి, ముక్కు మీదికి కళ్ళజోడు లాక్కుని మొక్కలు పరీక్షించేవారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లవాడిలా పక్కన నిలబడేవారు.

"ఏమయ్యా, అంటు కిందనుంచి మొలక వస్తోంది, చూశావా? ఇది అడవి మొలక. ఉంచితే అసలు మొక్కని తినేస్తుంది."

"చిత్తం సార్, ఇవాళే తీసేస్తా సార్."

"డ్రైనేజ్ పూర్. వెరీ పూర్."

"చిత్తం సార్."

అంతా అయ్యాక ఆయన బాగా విచ్చిన పువ్వొకటి చూసుకుని, కత్తెరతో కొమ్మ వాటంగా కోసి బకెట్టులో వేసేవారు. ఒకటి కాదు, విచ్చినవన్నీ. ఇల్లిల్లూ తిరిగి వెళ్ళేసరికి బకెట్టు నిండేది. అవి బంగళాలో గాజు కూజాల్లో ఉంటాయనీ, వచ్చిన పెద్దలందరూ మెచ్చుకుంటారనీ నాన్న మాతో గొప్పగా చెప్పేవారు.

"పెంచేది మనం, కోసుకెళ్ళేది ఆయనా?" అని అమ్మ ఒకసారి అడిగింది.

"కోస్తేనే మళ్ళీ పూస్తుందే. ఆయనకు తెలుసు."

"నిజమే. ఆయనకు బాగా తెలుసు."

మా ఇంట్లో ఆ పూలు ఎవరూ పెట్టుకోలేదు. దేవుడికి పెడదామని అమ్మ కూడా అడగలేదు. అమ్మ దేవుడికి గోడ మీది సన్నజాజులు చాలు. నేను ఒక్కసారి ఒక గులాబీ రంగు పువ్వు కోసుకుని జడలో పెట్టుకుని కాలేజీకి వెళ్దామనుకున్నాను. నాన్న గుమ్మం దగ్గరే ఆపి, "ఆదివారం దాకా ఆగమ్మా, ఆయన చూశాక పెట్టుకుందువు గాని" అన్నారు. ఆయన చూశాక అది బకెట్టులో ఉంటుందని మా ఇద్దరికీ తెలుసు.

ఎండాకాలం వచ్చింది. కాలవలకు నీళ్ళు కట్టేశారు. కాలవ ఆగితే మా క్వార్టర్స్ బావిలో నీళ్ళు అడుక్కి పోయేవి. చేద వేస్తే సగం బురద. కుళాయి వచ్చేది కాసేపే. వంటకు, తాగడానికి పట్టుకోవడమే యుద్ధం. అలాంటి రోజుల్లో గులాబీలకు పొద్దునా సాయంత్రం నీళ్ళు. స్నానానికి అర బకెట్టు చాలని నాన్న మాకు రూలు పెట్టారు. వడగాలి కొట్టకుండా మొక్కల చుట్టూ కర్రలు పాతి, గోనెపట్టాలు కట్టి, వాటిని తడుపుతుండేవారు. అంతకుముందు ఏడాది నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నుదుటి మీద తడిగుడ్డ వేసింది అమ్మే. నాన్న తలుపు దగ్గర నిలబడి "తగ్గిందా?" అని అడిగి ఆఫీసుకు వెళ్ళేవారు. అది నాకు గుర్తొచ్చేది. గోనె తడుపుతున్న ఆయన వీపు చూసినప్పుడల్లా గుర్తొచ్చేది.

మా పక్కింట్లో ఒక టీచరు గారు ఉండేవారు. ఆమె భర్త మా నాన్న దగ్గరే జూనియరు. క్రైస్తవులు. టీచరు గారి తల్లి వాళ్ళ దగ్గరే ఉండేది. గుడివాడ అవతల ఏదో ఊరు. భర్త పోయాక కూతురి దగ్గరికి వచ్చింది. మేమంతా మామ్మగారూ అనేవాళ్ళం. పొడుగ్గా, ఎండిన చెరుకుగడలా ఉండేది. పొద్దున్నే పెరట్లో స్టూలు వేసుకుని, మందపాటి అద్దాల్లోంచి బైబిలు చదువుకునేది. చదవడం అయ్యాక గోడ మీదుగా అమ్మతో కబుర్లు. వాళ్ళ పెరట్లో గులాబీలు లేవు. మామ్మగారు కోళ్ళు పెంచేది. ఎర్రమట్టి కుప్ప వాళ్ళ గుమ్మం ముందూ పడింది గానీ, దాన్ని కోళ్ళే గెలికి చదును చేశాయి. క్వార్టర్స్ మొత్తంలో ఆఫీసరు గారు అడుగుపెట్టని పెరడు అదొక్కటే. అల్లుడు నసిగితే, "ఆయన వస్తే గుడ్డు ఇస్తాలే, పువ్వు లేకపోతే ఏం?" అందట మామ్మగారు.

ఆమెకు మాత్రం ఆ పూలంటే ఇష్టమే. మా మొక్కలు గోడ పక్కనే ఉండేవి. ఒకరోజు అమ్మను అడిగింది.

"ఏవమ్మాయ్, ఇన్ని పూత్తన్నయ్యి, మీ ఇంట్లో ఒక్కళ్ళ తల్లోనూ కనపడవేంటి?"

"మా ఇంట్లో పూసినయ్యే గానీ మావి కాదు మామ్మగారూ."

"ఎవరియ్యి మరి?"

"ఆఫీసరు గారివి."

మామ్మగారు మొక్కల పాదుల వైపు తొంగి చూసింది. "నీళ్ళు కూడా ఆయనే పోత్తన్నాడా?" అంది. అమ్మ నవ్వాపుకోలేకపోయింది. నాన్న వరండాలో ఉన్నారు, విన్నారు. కళ్ళజోడు తీశారు.

ఇంకోరోజు ఆమె నేరుగా నాన్ననే అడిగింది. క్రిస్మస్‌కు ముందు ఆదివారం. చర్చికి బయల్దేరుతూ, తెల్లచీర, చేతిలో గొడుగు. "బాబూ, ఆ తెల్ల పువ్వొకటి ఇత్తారా, గుళ్ళో పెడతాను" అంది. నాన్న కంగారుపడిపోయారు. ఆఫీసరు గారు అరగంటలో వస్తారు, తెల్లది ఆయన ప్రత్యేకంగా అడిగారు, వచ్చే వారం తప్పకుండా ఇస్తాను, అని ఏదేదో చెప్పారు. ఎంతో మర్యాదగా చెప్పారు. మామ్మగారు "సర్లే బాబూ, పనికొచ్చేదే చేసుకోండి" అని వెళ్ళిపోయింది. ఆ వచ్చే వారం రానే లేదు. అమ్మ రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు.

సంక్రాంతి వెళ్ళాక ఊళ్ళో పూల ప్రదర్శన పెడుతున్నారని దసరాకే తెలిసింది. ఒక స్కూలు ఆవరణలో. ఆఫీసరు గారు కప్పు మీద కన్నేశారు. అక్టోబరులోనే అందరి చేతా కొమ్మలు కత్తిరింపించి, కోసిన చోటల్లా పేడముద్దలు పెట్టించి, ఎరువు వేయించారు. చలికాలం మొక్కలకు బాగా నచ్చింది. నేను ఆ మొక్కల్ని ఎంత తిట్టుకున్నా ఒక మాట ఒప్పుకోక తప్పదు. ఆ జనవరిలో మా పెరట్లో పూసిన పూలు చూస్తే ఎవరైనా ఒక్క క్షణం ఆగేవాళ్ళు. తెల్లవి, ముదురు ఎరుపువి, పసుపు మీద గులాబీ జీర ఉన్నవి. ఒక్కోటి కాఫీ గ్లాసంత. సోమవారం ప్రదర్శన. ఆదివారం పొద్దున తానే వచ్చి కోసుకుంటాననీ, అంతవరకు ఒక్క మొగ్గ కూడా కదలకూడదనీ ఆయన ఆర్డరు వేశారు.

శనివారం తెల్లవారాక పక్కింట్లోంచి ఏడుపు వినిపించింది. మామ్మగారు నిద్రలోనే పోయింది. అమ్మ పరుగెత్తింది. నేనూ వెళ్ళాను. టీచరు గారు గోడకు ఆనుకుని కూర్చుని, "రాత్రి పాట పాడుకుని పడుకుంది వదినగారూ, లేపితే లేవట్లేదు" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నారు. కాసేపటికి చర్చి వాళ్ళు వచ్చారు. సాయంత్రం సమాధి చేస్తారన్నారు. ఊరి నుంచి వాళ్ళవాళ్ళు బస్సులో రావాలి.

అమ్మ ఇంటికి వచ్చేసరికి నాన్న పెరట్లో మొక్కల మధ్య నిలబడి ఉన్నారు.

"మామ్మగారికి పూలు కావాలి," అంది అమ్మ.

"అవును. పాపం మంచి మనిషి. బంట్రోతును పంపుతా, మార్కెట్‌కెళ్ళి మంచి దండ తీసుకొస్తాడు. పెద్దదే తెమ్మంటా."

"దండ వాళ్ళ చర్చి వాళ్ళు తెస్తారు. నేనడిగేది ఈ పూలు."

"ఏమేవ్, నీకు మతి ఉందా? రేపు పొద్దున ఆయన వస్తారు. ఎల్లుండి షో. ఏడాది కష్టం."

"ఎవరి కష్టం?"

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"బతికుండగా ఒక్క పువ్వు అడిగింది. వచ్చే వారం ఇస్తానన్నారు. ఇదే వచ్చే వారం అనుకోండి."

అని లోపలికి వెళ్ళి కూరగాయల చాకు తీసుకొచ్చింది. ఎముకల పొడి చల్లిన నాటి నుంచి ఆ వైపు అడుగు పెట్టని మనిషి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని నేరుగా తెల్ల గులాబీ దగ్గరికి వెళ్ళింది. పువ్వు మెడ పట్టుకుని వంకాయ కోసినట్టు కోసింది. ఇంకోటి. ఇంకోటి. ముళ్ళు గుచ్చుకుని చేతి మీద రక్తం చారలు వచ్చాయి. ఆగలేదు. నేను నాన్న వైపు చూశాను. అరుస్తారనుకున్నాను. చాకు లాక్కుంటారనుకున్నాను. ఆయన ఒక్క అడుగు ముందుకేసి, తెగిన కొమ్మ వైపు చూశారు.

"అలా కాదే! అలా కాదు! అయిదాకుల రెమ్మ పైన కొయ్యాలి. మెడ దగ్గర కోస్తే కాడ ఉండదు, ఎలా పట్టుకుంటారు?"

అమ్మ చాకు పట్టుకుని అలాగే చూసింది.

"ఇటివ్వు," అన్నారు నాన్న.

చాకు తీసుకుని పక్కన పడేసి, లోపల్నుంచి తన కత్తెర తెచ్చుకున్నారు. ఆఫీసరు గారి కత్తెర లాంటిదే కావాలని ఊరంతా తిరిగి కొనుక్కున్న కత్తెర. వంగి, ఒక్కో కొమ్మా చూసి, పొడుగు కాడతో, వాటంగా కోయడం మొదలుపెట్టారు. ఎర్రవి, పసుపువి, విచ్చినవి, సగం విచ్చినవి, అన్నీ. కోసినవి నాకు అందిస్తూ, "ముళ్ళు తీసెయ్యి, వాళ్ళ చేతులకు గుచ్చుకుంటాయి" అన్నారు. నేను తీయలేకపోతుంటే ఆయనే చాకు వెనక వైపుతో గీసి తీశారు. మామ్మగారి కోసం కోశారో, అమ్మ చాకు నుంచి మొక్కల్ని కాపాడుకోవడానికి కోశారో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే కళ్ళజోడు తుడుచుకునేవారు.

బకెట్టు నిండింది. అమ్మా నేనూ పట్టుకెళ్ళాం. టీచరు గారు ఆ పూలు చూసి అమ్మ చెయ్యి పట్టుకున్నారు. "అన్నయ్యగారు ఇవ్వనిచ్చారా?" అన్నారు. "ఆయనే కోశారు" అంది అమ్మ. అది విని టీచరు గారి భర్తకు ఏడుపుతో పాటు భయం కూడా వచ్చింది. "రేపు సారు వస్తారు కదండీ..." అన్నాడు. అత్తగారి శవం పక్కన నిలబడి కూడా అతనికి ఆదివారం తనిఖీ గుర్తొచ్చింది. మా క్వార్టర్స్‌లో మగవాళ్ళు అలా తయారయ్యారు.

మామ్మగారి చేతుల మధ్య తెల్లవి పెట్టారు. మిగతావి చుట్టూ పేర్చారు. ఆమె ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్ళు "ఎంత బాగున్నయ్యో" అనుకుంటూ రేకులు ముట్టుకుని చూశారు. ఏడాదిలో ఆ పూలను బాగున్నాయని మా క్వార్టర్స్‌లో అన్నవాళ్ళు వాళ్ళే. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెట్టె వెనక సమాధుల దొడ్డి దాకా నడిచి వెళ్ళొచ్చారు. మిగతా స్టాఫ్ వీధి చివర్నుంచే వెనక్కి తిరిగారు. మొక్కలకు నీళ్ళు పొయ్యాలి కదా.

ఆదివారం ఆఫీసరు గారు వచ్చారు. కత్తెర, బకెట్టు, బంట్రోతు. పెరట్లోకి వచ్చి ఆగిపోయారు.

"ఏంటయ్యా ఇది? పూలేవి?"

"కోశామండి."

"ఎవరు కొయ్యమన్నారు?"

"పక్కింట్లో మన జూనియర్ అసిస్టెంటు గారి అత్తగారు పోయారండి. నిన్న."

"పోతే?"

కాఫీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన అమ్మ ఆ మాట విన్నది. ఆఫీసరు గారితో అంతవరకు ఒక్క మాట మాట్లాడి ఎరగదు.

"పోతే పూలు పెట్టామండి," అంది.

ఆయన అమ్మ వైపు తిరిగి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు. "అమ్మా, ఇవి ఎగ్జిబిషన్ బ్లూమ్స్. అలాంటి వాటికి బంతిపూలు సరిపోతాయి."

"ఎగ్జిబిషన్‌కి సరిపోవాండీ బంతిపూలు?"

ఆఫీసరు గారు కత్తెర జేబులో పెట్టుకుని, కాఫీ ముట్టకుండా ఎదురింటికి వెళ్ళిపోయారు. ఆ కాఫీ అమ్మ నాకిచ్చింది. గవర్నమెంటు ఆఫీసరు కోసం కలిపిన కాఫీ గనక చిక్కగా ఉంది.

సోమవారం సాయంత్రం నాన్న ప్రదర్శనకు ఒంటరిగా వెళ్ళారు. ఎవరూ రమ్మనలేదు. తిరిగొచ్చాక చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టారు.

"ఆయనకు కప్పొచ్చిందే. బల్ల నిండా పూలు. ముందు పెట్టిన ఆ నల్ల ఎరుపుది ఆయన తోటలోది కాదు. ఎదురింటివాళ్ళ డ్రమ్ములోది! రేకు అంచు మాడినట్టుంటుంది, నాకు తెలీదా? పక్కది మూలింటి వాళ్ళది. కింద చీటీ మీద మాత్రం ఆయన పేరు!"

"ఇన్నాళ్ళూ బకెట్టులో వేసుకెళ్ళినప్పుడు ఎవరి పేరు రాస్తాడనుకున్నారు?" అంది అమ్మ.

నాన్న కుర్చీలో కూర్చున్నారు. "ఎదురింటాయన అక్కడే ఉన్నాడు. చప్పట్లు కొడుతున్నాడు," అన్నారు నెమ్మదిగా. మా పూలు కూడా ఉండి ఉంటే తానూ చప్పట్లు కొట్టేవాణ్ణని ఆయనకు తెలుసు. అది తెలిసిన ముఖమే అది. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

తర్వాత ఆదివారాలు ఆఫీసరు గారు మా పెరటికి రాలేదు. ఆఫీసులో నాన్న బల్లను కిటికీ పక్కనుంచి తీసి, చెదలు పట్టిన పాత ఫైళ్ళ గది పక్కన వేశారు. మా వరండాలో నల్లమచ్చల చర్చలు ఆగిపోయాయి. ఎదురింటి వరండాకు మారాయి. మా గులాబీల జబ్బు తమకు అంటుకుంటుందేమోనన్నట్టు, దారిలో కనిపిస్తే తల పక్కకు తిప్పుకునేవాళ్ళు. టీచరు గారు మాత్రం రోజూ గోడ మీదుగా రెండు గుడ్లు ఇవ్వబోయేవారు. మేము తినమని ఆమెకు తెలుసు. అయినా ఇవ్వబోయేవారు.

మరుసటి వేసవికి ఆఫీసరు గారికి బదిలీ అయింది. కప్పు పట్టుకుని వెళ్ళిపోయారు. మొక్కల్ని తీసుకెళ్ళలేదు. కొత్తాయన వచ్చారు. ఆయనకు పూల గొడవ లేదు. హోమియోపతి పిచ్చి. సాయంత్రం కాగానే తెల్లమాత్రల పెట్టె తెరిచి, ఎవరికి ఏ బాధ ఉందో అడిగేవారు. నెల తిరక్కముందే మా క్వార్టర్స్‌లో ఆరోగ్యంగా ఉన్న మగవాడు లేడు. ఎదురింటాయనకు ఉన్నట్టుండి తలనొప్పి మొదలైంది. మూలింటాయనకు చిన్నప్పటి నుంచీ ఉన్న ఉబ్బసం గుర్తొచ్చింది. మా నాన్న కూడా మోకాలు నొప్పని వెళ్ళొచ్చారు. నేర్చుకున్నదేమైనా ఉందేమోనని నేను అనుకున్నాను. ఆశ.

గులాబీలకు ఆ మే నెలలో ఎవరూ గోనె కట్టలేదు. కాలవలు కట్టేశాక వారం పది రోజులకే ఆకులు రాలి, కొమ్మలు పైనుంచి నల్లబడుతూ వచ్చాయి. ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. ప్రాణమన్నవాళ్ళే వాటిని పీకి కాలవ గట్టు మీద పారేశారు. పచ్చ డ్రమ్ముల్లో పిల్లలు క్రికెట్ బ్యాట్లు దాచుకున్నారు. ఒకదాంట్లో టీచరు గారి కోడి పొదిగింది. అమ్మ తన పందిరి మళ్ళీ వేయించింది.

రెండు మొక్కల్ని మాత్రం నాన్న పీకనివ్వలేదు. ఎందుకని అడిగితే, "ఉండనీలే" అన్నారు. ఆఫీసు నుంచి రాగానే చొక్కా విప్పి, తానే నీళ్ళు తోడి, తానే పోసేవారు. నన్ను పిలవలేదు. చూడ్డానికి వచ్చేవాళ్ళు లేరు, మెచ్చుకునేవాళ్ళు లేరు. ఆ ఎండలో ఆయన బనీనుతో పాదు ముందు కూర్చుని ఎండుకొమ్మలు కత్తిరిస్తుంటే, ఇన్నాళ్ళూ చేసింది చాలదా అని నాకు చిరాకేసేది. అమ్మ ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు వింతగా ఉండేది.

చలికాలంలో ఒక తెల్ల పువ్వు పూసింది. నాన్న రెండు రోజులు దాన్ని చూస్తూ తిరిగారు. ఏం చెయ్యాలో ఆయనకు తోచలేదు. అంతకాలం పువ్వు పూస్తే ఎవరికివ్వాలో తెలిసిన మనిషి. మూడో రోజు కోసి లోపలికి తెచ్చి, స్టీలు గ్లాసులో పెట్టి రేడియో మీద ఉంచారు.

"ఆ గ్లాసు మజ్జిగకి కావాలి," అంది అమ్మ.

నాన్న ఇల్లంతా వెతికారు. గులాబీల కోసం అంత హడావిడి చేసిన మా ఇంట్లో ఒక్క పువ్వు పెట్టడానికి గిన్నె లేదు. చివరికి ఖాళీ సిరాబుడ్డి కడిగి, అందులో పెట్టి కిటికీలో ఉంచారు. సరిగ్గా కడగలేదు. సాయంత్రానికి తెల్ల రేకుల అంచులు లేత నీలంగా మారాయి.

టీచరు గారు ఏదో పని మీద వచ్చి అది చూసి ఆశ్చర్యపోయారు. "ఇదేం రకమండీ అన్నయ్యగారూ? ఎప్పుడూ చూళ్ళేదు."

నాన్న పువ్వు వైపు చూశారు, సిరాబుడ్డి వైపు చూశారు.

"ఆఫీసు రకమమ్మా," అన్నారు.

టీచరు గారు పడీపడీ నవ్వారు. నాన్న నవ్వలేదు. ఆయన కావాలని అన్నారో, మామూలుగానే అన్నారో నాకు ఆ రోజు అర్థం కాలేదు. వంటింట్లో అమ్మ మజ్జిగ చిలకడం ఆపి, కిటికీలోని పువ్వు వైపు ఒకసారి తొంగి చూసి, మళ్ళీ చిలకడం మొదలుపెట్టింది.